ఆపిల్ కొనేటప్పుడు రంగు తర్వాత, ముందు నెల చూడండి

మీ ప్రశ్న మొదట క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీరు బెళ్లందూరులో ఉంటున్నారు, నాలుగేళ్ల పాప ఉంది. ఈ మే నెలలో కాశ్మీర్ ఆపిల్ అని ఎర్రగా నిగనిగలాడేవి ఏరి మరీ కొంటున్నారు. కోస్తే లోపల పిండిపిండిగా ఉంటున్నాయి, పాప ఉమ్మేస్తోంది. ఏ రకం కొనాలి, ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి, ఎలా దాచాలి, పైన మైనం గురించి భయపడాలా, ఇంట్లో మిగిలిన పండ్లను ఏం చేయాలి అని అడిగారు.

నాకు రామ్మూర్తి నగర్ వైపు పండ్ల అంగడి ఉంది. మాది మదనపల్లె దగ్గర పల్లె. సరుకంతా సింగేన అగ్రహార మార్కెట్ నుంచి తెస్తాం. ఆపిల్ విషయంలో రోజూ వినే ఫిర్యాదు మీదే.

సూటిగా చెప్పాలంటే: మే నెలలో అమ్మే కాశ్మీర్ ఆపిల్ పోయిన సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోసింది. ఈ కాలం, మీ పాప నోరు రెండూ చూస్తే ఇప్పుడు గాలా అనే రకం, న్యూజిలాండ్‌ది గానీ చిలీది గానీ కొనండి. నొక్కితే రాయిలా ఉన్నవే తీసుకోండి, ఒక వారానికి సరిపడా చాలు, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. కాశ్మీర్ పండును సెప్టెంబర్ చివర్లో కొనండి, అప్పుడు ఆ పేరు ఎందుకొచ్చిందో మీకే తెలుస్తుంది.

పిండిపిండిగా ఎందుకవుతుందంటే

ఆపిల్ కండలోని కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేది పెక్టిన్. పండు గట్టిగా ఉన్నప్పుడు కొరికితే కణాలే పగులుతాయి, రసం చిమ్ముతుంది. పండుకు వయసు మీరేకొద్దీ ఆ పెక్టిన్ కరిగిపోతుంది. అప్పుడు కొరికినా కణాలు పగలవు, ఊరికే విడిపోతాయి. రసం కణాల లోపలే ఉండిపోయి నాలుకకు పొడిపొడిగా తగులుతుంది. అంటే మీరు తిన్న పండు ఎండిపోయింది కాదు, ఇంజెక్షన్ వేసిందీ కాదు. ముసలిది, అంతే.

మామిడికాయను గడ్డిలో పెడితే పండి రుచి పెరుగుతుంది కాబట్టి ఆపిల్‌ను కూడా "రెండ్రోజులు బయట పెడదాం, మగ్గుతుంది" అనుకుంటారు చాలామంది. ఆపిల్‌లో ఉన్న పిండిపదార్థం చక్కెరగా మారడం మన ఊరు చేరేలోపే దాదాపు అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత బయట గడిచే ప్రతి రోజూ మెత్తబడటానికే పనికొస్తుంది. గది వేడిలో ఆపిల్ ఫ్రిజ్‌లో కంటే ఎన్నో రెట్లు వేగంగా పాడవుతుంది.

మరి అక్టోబర్‌లో కోసిన పండు మే దాకా ఎలా నిలుస్తోంది? మార్కెట్లో మేం "సీఏ సరుకు" అంటాం. సీఏ అంటే కంట్రోల్డ్ అట్మాస్ఫియర్, గాలిని అదుపులో పెట్టిన స్టోర్ అన్నమాట. కాశ్మీర్‌లో పుల్వామా జిల్లా లస్సిపొరా లాంటి చోట్ల ఇలాంటి పెద్ద పెద్ద స్టోర్లు ఉన్నాయి. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను అక్కడ 1 నుంచి 3 శాతానికి తగ్గించి, సున్నా డిగ్రీల దగ్గర పండ్లను ఉంచుతారు. పండు ఊపిరి నెమ్మదించి నిద్రపోయినట్టు ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు, బాగా నడిపే స్టోర్ నుంచి మార్చిలో వచ్చిన పండు కూడా బాగుంటుంది. చిక్కంతా బయటికి తీశాక. అక్కడి నుంచి బెంగళూరుకు దాదాపు 3,000 కిలోమీటర్లు. దారంతా చల్లగా వచ్చిందా, మామూలు లారీలో టార్పాలిన్ కింద వచ్చిందా, ఆపైన అంగడి ముందు ఎండలో ఎన్నాళ్లు కూర్చుంది అన్న దాన్నిబట్టి మీ నోటికి తగిలే పండు ఉంటుంది. పొడుగ్గా నిద్రపోయిన పండు లేచాక వేగంగా ముసలిదవుతుంది.

షిమ్లా, కాశ్మీర్, వాషింగ్టన్ రకాల పేర్లు కావు

ఇది తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఆ మూడూ ప్రాంతాల పేర్లు. మూడు చోట్ల నుంచీ మనకు ఎక్కువగా వచ్చేది ఒకే కుటుంబం: డెలిషస్. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ శామ్యూల్ స్టోక్స్, తర్వాత సత్యానంద్ స్టోక్స్ అయిన ఆయన, 1916లో షిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో ఈ డెలిషస్ మొక్కలు నాటించారు. ఇవాళ హిమాచల్ నుంచి మార్కెట్‌కు వచ్చే రాయల్ డెలిషస్, కాశ్మీర్‌లో డెలిషస్, అమెరికా పెట్టెలో రెడ్ డెలిషస్ అన్నీ దగ్గరి చుట్టాలే. తేడా ఎక్కడంటే ఎంత ఎత్తులో పండింది, ఏ నెలలో కోశారు, ఎలా దాచారు అన్న దగ్గర.

డెలిషస్‌ను గుర్తుపట్టడం సులువు. పండును తిరగేసి చూడండి, అడుగున అయిదు బుడిపెలు ఉంటాయి. పైన వెడల్పు, కింద సన్నం. తోలు మందం. పులుపు తక్కువ, తీపి ఎక్కువ, అందుకే మన వైపు పెద్దవాళ్లకు ఇదే ఇష్టం. మా అమ్మకు ఇప్పటికీ ఆపిల్ అంటే ఇదొక్కటే. కానీ త్వరగా పిండిబారే వాటిలోనూ ఇదే ముందుంటుంది. పైగా ఎర్రదనం కోసమే ఎంచి ఎంచి పెంచిన డెలిషస్ రకాలు చాలా ఉన్నాయి. వాటిలో పండు పక్వానికి రాకముందే తోలంతా ఎర్రబడుతుంది. కాబట్టి ముదురెరుపు చూసి పండింది అనుకోవడానికి లేదు, తాజాది అనుకోవడానికి అసలే లేదు.

ఇంకో మాట. బెంగళూరులో కొన్ని అంగళ్లలో ముదురెరుపుగా, మెరుస్తూ ఉన్న ప్రతిదాన్నీ "వాషింగ్టన్" అనేస్తారు. అది టర్కీ నుంచి వచ్చి ఉండొచ్చు, ఇరాన్ నుంచి వచ్చి ఉండొచ్చు. పెట్టె మీద దేశం పేరు అచ్చు వేసి ఉంటుంది, పెట్టె చూపించమని అడగండి. అడిగితే ఎవరూ కాదనరు. పండు మీది స్టిక్కర్‌లో ఉండే నాలుగంకెల సంఖ్య రకాన్నీ సైజునూ చెప్పేది మాత్రమే. అయిదంకెలై 9తో మొదలైతే సేంద్రియం అని చెప్పడానికి పెట్టింది. స్టిక్కర్ ఉన్నంత మాత్రాన విదేశీ అని గానీ నాణ్యమైంది అని గానీ కాదు.

ఏ పండక్కి ఏ ఆపిల్

నెలలు గుర్తుండవు గానీ పండగలు గుర్తుంటాయి కాబట్టి అలాగే చెప్తాను.

వరలక్ష్మీ వ్రతం వేళకు, అంటే ఆగస్టు అటూ ఇటూగా, హిమాచల్ కొత్త పంట వస్తుంది. బెంగళూరులో ఆ వారం పండ్ల ధరలు ఎలా ఎగురుతాయో మీకు తెలిసే ఉంటుంది. ఆ ధర అందుకోవాలని తక్కువ ఎత్తు తోటల వాళ్లు కొందరు కాస్త ముందే కోసేస్తారు. అలాంటి పండు గట్టిగానే ఉంటుంది, కానీ చప్పగా, నాలుక మీద పచ్చి వాసనతో ఉంటుంది. అనుమానమొస్తే సరదాగా ఒక పరీక్ష చేయొచ్చు: పండును అడ్డంగా కోసి, గాయాలకు రాసే అయోడిన్ మందు నీళ్లలో కలిపి పూయండి. నల్లగా మారిన మేరకు పిండిపదార్థం ఇంకా చక్కెర కాలేదన్నమాట. తోటల్లో కోత సమయం తేల్చుకోవడానికి ఇదే పరీక్ష చేస్తారు. పరీక్ష చేసిన ముక్కను మాత్రం పారేయాలి. వ్రతానికి పళ్లెంలో పెట్టుకోవడానికైతే ఆ వారమే కొనండి, తినడానికైతే రెండు వారాలు ఆగండి.

వినాయక చవితి నుంచి దసరా దాకా మంచి కాలం. షిమ్లా, కుల్లూ పండు నిండుగా వస్తుంది. దసరా, దీపావళి మధ్య హిమాచల్‌లోనే ఉన్న కిన్నోర్ పండు వస్తుంది. నన్నడిగితే దేశవాళీ ఆపిల్‌లో కిన్నోర్‌ను మించింది లేదు. ఎక్కువ ఎత్తు, పొడి గాలి, చల్లటి రాత్రులు, ఆలస్యంగా కోత. పండు గట్టిగా, బరువుగా ఉంటుంది, డెలిషస్ అయినా ఎక్కువ రోజులు నిలుస్తుంది. కోస్తే గింజల చుట్టూ కొన్నిసార్లు గాజులా పారదర్శకంగా కనిపిస్తుంది. చెడిపోయిందని ఒకావిడ అరకిలో వెనక్కి తెచ్చారు. అది కుళ్లు కాదు. కణాల మధ్య ఖాళీల్లో తియ్యటి నీరు నిండితే అలా కనిపిస్తుంది. ఆ భాగం మరీ తియ్యగా ఉంటుంది, అయితే అలాంటి పండు ఎక్కువ కాలం దాచడానికి పనికిరాదు. ఆవిడ చేతే అక్కడే ఒక ముక్క తినిపించాను, ఆపైన ఇంకో కిలో పట్టుకెళ్లారు.

కాశ్మీర్ పండు కూడా ఇదే సమయంలో దండిగా దిగుతుంది. అయితే శ్రీనగర్ హైవే మూసుకుపోతే కథ మారుతుంది. 2025 ఆగస్టు, సెప్టెంబర్‌లలో కొండచరియలు విరిగిపడి ఆపిల్ లారీలు రోజుల తరబడి దారిలోనే ఆగిపోయాయి. అలాంటి వార్త విన్న వారం కాశ్మీర్ పండు కొనేముందు తప్పకుండా ఒకటి కోయించి చూడండి. అంబ్రీ అని కాశ్మీర్ సొంత రకం ఒకటుంది, మంచి వాసన, నిలవ గుణం కూడా ఎక్కువ. బెంగళూరు దాకా రావడం అరుదు. కనిపిస్తే బేరమాడకుండా కొనుక్కోండి.

అయ్యప్ప మాలల కాలం, సంక్రాంతి దాటేదాకా స్టోర్‌లో పెట్టిన దేశవాళీ పండు బాగానే ఉంటుంది. ఉగాది నాటికి జాగ్రత్త మొదలవ్వాలి. ఏప్రిల్ నుంచి జులై దాకా మాత్రం మన పండు, అమెరికా పండు, టర్కీ పండు దాదాపు అన్నీ పాతవే, ఎందుకంటే ఉత్తరార్ధగోళంలో ప్రధాన కోత ఆగస్టు నుంచి నవంబర్ లోపలే. భూమధ్యరేఖకు ఆవల ఉన్న న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికాలలో కోత ఫిబ్రవరి నుంచి మే దాకా. గాలా అక్కడ మొదట కోసే రకాల్లో ఒకటి. ఓడలో వచ్చి ఏప్రిల్, మే నెలల్లో మనకు దొరుకుతుంది. మీకు పైన గాలా చెప్పింది ఇందుకే. విదేశీ మోజుతో చెప్పలేదు.

మిగతా రకాలతో పరిచయం

గాలా: పసుపు మీద ఎర్రటి చారలు, సన్నటి తోలు, చిన్న సైజు, మంచి వాసన. పిల్లలకు తోలు తీయక్కర్లేదు. కొన్నాక రెండు వారాలకు మించి ఉంచొద్దు.

ఫ్యూజీ: జపాన్ రకం, రెడ్ డెలిషస్‌ను రాల్స్ జానెట్ అనే రకంతో కలిపి పుట్టించారు. రంగు వెలిసినట్టుగా, గులాబీ చారలతో ఉంటుంది కాబట్టి మన జనం పక్కకు నెట్టేస్తారు. తీపిలో, కరకరలో, నిలవలో ఇదే రాజు. ఇంట్లో ఒక్క రకమే కొంటాను అనేవాళ్లకు నేను ఫ్యూజీ అంటాను.

గ్రానీ స్మిత్, అదే మన గ్రీన్ ఆపిల్: 1860లలో ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ పెరట్లో పుట్టిన రకం. పచ్చిది కాదు, పండినా పచ్చగానే ఉంటుంది. పసుపు తిరిగితే వయసు మీరిందని లెక్క. షుగర్ ఉన్నవాళ్లు దీన్లో చక్కెర ఉండదనుకుని రెండేసి తింటారు. ఎర్ర ఆపిల్ కంటే కొంచెం తక్కువేగానీ, దీన్లోనూ 100 గ్రాములకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పుల్లగా ఉండటానికి కారణం మాలిక్ ఆమ్లం. మామిడికాయ దొరకని నెలల్లో దీన్ని తురిమి పులిహోర కలపొచ్చు, పప్పులో వేయొచ్చు, ముక్కలు కోసి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపితే నాలుగు రోజులకు పనికొచ్చే ఊరగాయ అవుతుంది. మా ఇంట్లో అన్నంలోకి ఎక్కువగా ఖర్చయ్యే ఆపిల్ ఇదే.

గోల్డెన్ డెలిషస్ పసుపు పచ్చనిది, తోలు పల్చన, త్వరగా ముడతలు పడుతుంది. హిమాచల్ తోటల్లో పరాగం కోసం ఎర్ర రకాల మధ్య దీన్ని నాటుతారు. చవగ్గా దొరికితే జ్యూస్‌కి, వంటకి వాడుకోండి. పింక్ లేడీ తీపి పులుపు సమంగా ఉండే గట్టి పండు, ధర ఎక్కువ. తీపి ఒక్కటే కావాలనే ఇంట్లో అంత డబ్బు పెట్టడం దండగ.

రకాలు నోటికి తెలియాలంటే చదివితే రాదు. ఒక ఆదివారం గాలా, ఫ్యూజీ, గ్రీన్, డెలిషస్ ఒక్కొక్కటి కొని, ఫ్రిజ్ చల్లదనం పోయాక పక్కపక్కన కోసి పెట్టండి. చల్లగా ఉంటే వాసన తెలియదు. పాప కళ్లు మూసి తినిపించండి, ఏది మళ్లీ అడుగుతుందో చూడండి. ఎర్రదే కావాలని మారాం చేసిన పిల్లలు కళ్లు మూస్తే ఫ్యూజీ వైపు వెళ్లడం మా అంగట్లోనే చూశాను.

అంగట్లో ఎలా ఎంచాలి

చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు అనిపించాలి. తొడిమ చుట్టూ ఉన్న గుంట దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కండి, ఏమాత్రం లొంగినా వద్దు. అక్కడే సన్నటి ముడతలుంటే నీరు పోయిందని అర్థం. వేలితో కొడితే గట్టి, పొట్టి శబ్దం రావాలి. బోలుగా, మందంగా మోగితే వదిలేయండి. ఎరుపు పట్టని చోట కింది రంగు చూడండి. లేత పచ్చ నుంచి మీగడ రంగుకు తిరుగుతూ ఉంటే సరైన సమయం, పూర్తిగా పసుపైతే ముదిరింది. అన్నిటికన్నా మంచిది ఒకటి కోయించి తినడం. కిలో కొనే మనిషికి ఒక ముక్క కోసి ఇవ్వని అంగడి దగ్గర ఆపిల్ కొనకండి.

ఆన్‌లైన్‌లో ఆరు పండ్ల ప్యాకెట్ కొంటే ఇవేవీ కుదరవు. కనీసం రకం, దేశం రాసి ఉన్నదే ఎంచండి. ఊరికే "రెడ్ ఆపిల్, ప్రీమియం" అని మాత్రమే రాసి ఉంటే వద్దు. సీమంతానికో నిశ్చితార్థానికో పెట్టె మొత్తం కొనేవాళ్లకు ఒక చిట్కా: విదేశీ పెట్టె సుమారు 18 కిలోలు, పైన 80, 100, 125 అని కౌంట్ ఉంటుంది. అది పండ్ల సంఖ్య. 100 కౌంట్ అంటే పండు 180 గ్రాములు. పళ్లేల్లో అందం కోసం 80, పంచడానికి 125 తీసుకుంటే లెక్క సరిపోతుంది.

దాచడం

డైనింగ్ టేబుల్ మీద బుట్టలో పెట్టడం ఆపేయండి. బెంగళూరు చల్లటి ఊరనే పేరుతో ఇక్కడి వాళ్లు ఈ పని ఎక్కువ చేస్తారు. గదిలో 27 డిగ్రీలున్నా ఆపిల్‌కు అది ఎండాకాలమే. ఫ్రిజ్‌లో కింది అరలో, నాలుగు రంధ్రాలు పెట్టిన కవర్లో, కడగకుండా ఉంచండి. తినేముందు కడగండి. డెలిషస్, గాలా రెండు వారాలు, ఫ్యూజీ, గ్రీన్ నెల పైన ఇబ్బంది లేకుండా ఉంటాయి. దెబ్బ తగిలినవి విడిగా తీసి ముందు తినేయండి. ఫ్రీజర్ గోడకు ఆనించకండి, గడ్డకట్టి కరిగిన ఆపిల్ గోధుమ రంగుకు మారి గుజ్జవుతుంది.

ఆపిల్ ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. అదే అరలో గోంగూర, కొత్తిమీర, తోటకూర పెడితే త్వరగా పసుపు తిరుగుతాయి, దోసకాయ మెత్తబడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. ఊరి నుంచి అత్తగారు పంపిన గోంగూర రెండ్రోజులకే పోతోందని ఒకాయన ఫ్రిజ్ మెకానిక్‌ను పిలిపించాడు. ఆపిల్‌ను ఆకుకూరలు లేని అరకు మార్చమన్నాను, ఆ ఫిర్యాదు మళ్లీ వినలేదు. పచ్చి అరటిగెల పండాలంటే మాత్రం ఇదే వాయువు పనికొస్తుంది, పక్కన ఒక ఆపిల్ వేసి మూయండి.

మైనం, కడగడం

ఆపిల్‌కు చెట్టు మీదే సహజంగా పల్చటి మైనం ఉంటుంది. ప్యాకింగ్‌కు ముందు కడిగినప్పుడు కొంత పోతుంది కాబట్టి కార్నౌబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం) లేదా షెలాక్ (లక్క) మైనం పల్చగా పూస్తారు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతించినవే ఇవి. కత్తితో గీకితే తెల్లగా రాలే వీడియోలు చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఇష్టం లేకపోతే గోరువెచ్చటి నీళ్లలో కడిగి బట్టతో గట్టిగా తుడవండి. పైన పురుగుమందు అవశేషాల భయమైతే, చెంచా వంటసోడా కలిపిన నీళ్లలో ఓ పావుగంట ఉంచి కడగండి. లోపలికి ఇంకినది దీంతో పోదు, అందుకు తోలు తీయడమే దారి. పాపకు గింజలు తీసి ఇవ్వండి. ఒకటి రెండు మింగితే ఏమీ కాదు గానీ నమలడం మంచిది కాదు.

స్కూలు డబ్బాలో ముక్కలు నల్లబడకుండా ఉండాలంటే, గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు వేసి అయిదు నిమిషాలు ముంచి తీసి, ఒకసారి మంచినీళ్లలో కడిగేయండి. ఉప్పదనం తెలియదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న పిండి ఆపిల్స్ సంగతి

పారేయకండి. పెక్టిన్ కరిగిన పండు పొయ్యి మీద నిమిషాల్లో ఉడుకుతుంది, గట్టి ఫ్యూజీ అంత సులువుగా ఉడకదు. తోలు, గింజలు తీసి ముక్కలు చేసి, రెండు చెంచాల నీళ్లు పోసి మూతపెట్టి మెత్తబడేదాకా ఉంచండి. దించేముందు చిన్న బెల్లం ముక్క, చిటికెడు యాలకుల పొడి, నిమ్మకాయ నాలుగు చుక్కలు వేయండి. డెలిషస్‌లో పులుపు తక్కువ కాబట్టి నిమ్మకాయ తప్పనిసరి. పాప చపాతీలో చుట్టుకుని తింటుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. ఎక్కువ పండ్లు ఉంటే తురిమి, నేతిలో వేయించి, కోవా వేసి హల్వా చేసుకోండి. క్యారెట్ హల్వా కొలతలే, పాలు మాత్రం సగం చాలు.